నాలుగు గంటల మాస్కుతో షుగర్ దిగదు

రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటున్నా, మందులు తప్పకుండా వేసుకుంటున్నా పరగడుపు షుగర్ 160 దగ్గరే మొండికేసిందంటే మన క్లినిక్‌లలో ఇంకో మాత్ర రాస్తారు. గురక గురించి అడగరు. టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్లకు స్లీప్ ఆప్నియా (గురకతో పాటు నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు) ఉందేమో చూడాలని అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2008లోనే చెప్పింది.

గొంతు మూసుకుపోయిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోతుంది, అడ్రినలిన్ ఎగుస్తుంది, కాలేయం గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. ఇదంతా తెలిసిందే. మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మిషన్ వాడినా హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష) తగ్గలేదని 2016లో వచ్చిన ఒక ట్రయల్‌ను చూపించేవాళ్లున్నారు. ఆరు నెలల తర్వాత వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ తేడా కనబడని మాట నిజమే. కానీ ఆ మాస్కులు రాత్రంతా ముఖాన ఉన్నవి కావు. షికాగో విశ్వవిద్యాలయంలో ప్రీడయాబెటిస్ (మధుమేహానికి ముందు దశ) ఉన్నవాళ్లను ల్యాబ్‌లోనే పడుకోబెట్టి, రాత్రికి 8 గంటల చొప్పున రెండు వారాలు సీప్యాప్ పెట్టి చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో గ్లూకోజ్‌ను తట్టుకునే శక్తి మెరుగైంది.

కిటుకంతా తెల్లవారుజామున ఉంది. కలలొచ్చే రెమ్ నిద్ర ఎక్కువగా రాత్రి రెండో సగంలోనే వస్తుంది. అప్పుడు కండరాలు పూర్తిగా వదులైపోతాయి, ఊపిరి ఎక్కువసేపు ఆగుతుంది. హెచ్‌బీఏ1సీతో ముడిపడింది ఈ రెమ్ ఆప్నియానేనని షికాగో బృందమే 2014లో తేల్చింది. పడుకున్న మొదటి నాలుగు గంటలే మాస్కు పెట్టుకుంటే రెమ్ నిద్రలో 60 శాతానికి వైద్యమే అందదని వాళ్ల లెక్క.

మరి ఈ నాలుగు గంటలు ఎక్కడివి? 30 రోజుల్లో 70 శాతం రాత్రులు, రాత్రికి 4 గంటలు వాడితే మిషన్‌కు డబ్బు కడతామన్నది అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ బీమా మెడికేర్ నిబంధన. బిల్లు కోసం గీసిన గీత అది. దాన్నే మందు మోతాదులా చదువుకుంటున్నాం.

మాస్కు మధ్యలో ఎందుకు ఊడుతుందో చూడండి. గాలి లీకైతే పట్టీలు బిగిస్తారు. అది తప్పు, కుషన్ (ముఖానికి ఆనే మెత్తటి అంచు) గాలితో ఉబ్బడానికి చోటుండాలి. మిషన్ ఆన్ చేసి, పడుకునే భంగిమలోనే పట్టీలు సరిచేయాలి. మీసాల మీద కుషన్ అతకకపోతే ముక్కు రంధ్రాల దగ్గర కూర్చునే పిల్లోస్ రకం నయం. నోరు ఎండితే గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ పెంచాలి. నోరు తెరుచుకునే అలవాటుంటే ముక్కూ నోరూ కప్పే ఫుల్ ఫేస్ మాస్కు కావాలి. అన్నిటికంటే పెద్ద గండం మూడింటికి బాత్‌రూమ్‌కి లేవడం. లేచినవాళ్లు తిరిగొచ్చి మాస్కు పెట్టుకోరు. ఆ మూత్రం షుగర్ వల్లే అనుకుంటారు గానీ, ఆప్నియా కూడా గుండె చేత మూత్రాన్ని పెంచే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. మాస్కు నిలిచిన రాత్రుల్లో చాలామందికి ఆ లేవడమే తగ్గుతుంది.

అసలు మన మధుమేహ వైద్యం మాత్రను లెక్కపెడుతుంది, తిండిని లెక్కపెడుతుంది, రాత్రిని వదిలేస్తుంది. చీటీలో నిద్రకు ఒక్క గడి ఉండదు. ఊపిరి ఆగడం కళ్లారా చూసే జీవిత భాగస్వామిని కన్సల్టేషన్ గది బయటే కూర్చోబెడతారు. లోపలికి పిలిచి అడగాలి. సీప్యాప్ వాడేవాళ్లు మిషన్ రిపోర్టునూ గ్లూకోమీటర్ రీడింగులనూ పక్కపక్కన పెట్టి, ఏడు గంటలు వాడిన రాత్రుల తర్వాతి పరగడుపు అంకెలను డాక్టర్‌కు విడిగా చూపించాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. ఆ అంకెలు దిగుతుంటే పాత మోతాదు ఎక్కువైపోయి షుగర్ పడిపోవచ్చు.