గన్‌మన్ చేతి కార్బైన్‌కు జింక పడుతుందా?

కార్బైన్ అన్న మాట రాయలసీమకు కొత్త కాదు. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో నాయకుల కాన్వాయ్‌లను చూస్తూ పెరిగినవారికి ఆ ఆయుధం బాగా గుర్తుంటుంది. ముందు సీట్లో కూర్చున్న గన్‌మన్ ఒళ్లో, పొట్టిగా, ఎడమ పక్కకు మ్యాగజీన్ తగిలించుకుని ఉండేది. కాన్పూరులో తయారైన ఆ 9 ఎం.ఎం. కార్బైన్‌లో పడేది పిస్టల్ తూటాయే. మనుషుల మీద, దగ్గరి దూరంలో వాడడానికి పుట్టిన తుపాకి అది. అలాంటి పిస్టల్ తూటా కార్బైన్‌తో జింకల వేటకు వెళ్లవచ్చా, లేదా అని అమెరికా వేటగాళ్లు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. వేటే నేరమైన దేశంలో మనకెందుకు ఆ గొడవ అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది, లెక్కలు చూసేదాకా.

9 ఎం.ఎం. గుండు బరువు సుమారు ఏడున్నర గ్రాములు. పిస్టల్ నుంచి సెకనుకు 350 మీటర్ల వేగంతో వెలువడితే దాని శక్తి 460 జౌళ్లు (శక్తిని కొలిచే ప్రమాణం జౌల్). కార్బైన్ గొట్టం పొడవు కాబట్టి వేగం 400 మీటర్లకు చేరిందనుకున్నా 600 జౌళ్లే. గొట్టాన్ని ఇంకా సాగదీసినా ఫలితం లేదు. తూటాలో ఉన్నది చిటికెడు మందు, అది త్వరగా కాలిపోతుంది. ఇంగ్లండ్‌లో 1991 నాటి జింకల చట్టం చిన్న జాతులను మినహాయించి, జింకను కొట్టే రైఫిల్‌కు కనీసం 2,305 జౌళ్ల శక్తి ఉండాలంటుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 100 గజాల దూరంలో కూడా 1,356 జౌళ్లు మిగలాలంటుంది. 9 ఎం.ఎం. ఈ గీతల దరిదాపులకు కూడా రాదు. పిస్టల్ తూటాల్లో బలమైనదిగా పేరున్న .44 మ్యాగ్నం కార్బైన్‌లో పేల్చితే 2,200 జౌళ్ల దాకా వస్తుంది. అందుకే అక్కడి అనుభవజ్ఞులు 9 ఎం.ఎం. వద్దని, మ్యాగ్నం అయితే 100 గజాల లోపు ఫరవాలేదని చెబుతారు. ఒహాయో లాంటి రాష్ట్రాల్లో మ్యాగ్నం రకం తూటాలకు అనుమతి ఇవ్వడం వెనుక ఇంకో ఆలోచన కూడా ఉంది. అక్కడ చాలాచోట్ల చదునైన నేల, ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. గురి తప్పిన గుండు ఎక్కువ దూరం పోకూడదు.

చదును నేల, దగ్గరి ఊళ్లు అంటే ఆలూరు, ఆదోని వైపు నల్లరేగడి గుర్తుకు వస్తుంది. పోలిక అక్కడితో ఆగిపోతుంది. అమెరికాలో తెల్లతోక జింక కోసం చెట్టు మీద మంచె కట్టుకుని, కిందికి వచ్చేదాకా కాచుకుంటారు. మన కృష్ణ జింకది బయలు బతుకు. శనగ చేలో మనిషి తల ఎత్తగానే మందంతా అర కిలోమీటరు అవతల ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగల జంతువు అది. 200 మీటర్ల దూరం చేరేసరికి 9 ఎం.ఎం. గుండు గొట్టం చూపిన గీత నుంచి దాదాపు మనిషి ఎత్తు కిందికి జారుతుంది. దాన్ని సరిచూసుకుని కొట్టగలిగినవాళ్లు ఎందరు? మిగిలినవాళ్ల గుండు కడుపులోనో కాలిలోనో దిగుతుంది. ఆ జింక పక్క ఊరి పొలిమేర దాటి, ఏ కంది చేలోనో రెండు రోజులు పడి ఉండి చస్తుంది.

ఇంగ్లండ్ చట్టం జౌళ్లను లెక్కగట్టింది ఇందుకే. జంతువు ఎలా చస్తుందన్న ప్రశ్నను అది వేసుకుంది. మన చట్టం వేటాడారా లేదా అని మాత్రమే అడుగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణ జింక మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. ఈ నిషేధాన్ని నేను తప్పుపట్టడం లేదు. అయితే నిషేధం ఉన్నంత మాత్రాన చావులు ఆగలేదు. ఉచ్చు, చేను చుట్టూ దొంగ కరెంటు తీగ, తుపాకి మందు కూరిన నాటు తుపాకి, ఇవే ఇక్కడి పనిముట్లు. వీటి పక్కన పెడితే 9 ఎం.ఎం. కార్బైన్ దయగల ఆయుధం. కరెంటు తీగకు జింకకూ మనిషికీ తేడా తెలియదు.

వింత ఏమిటంటే, 1959 ఆయుధాల చట్టం పంట రక్షణ కోసం మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వమనే చెబుతుంది. 1972 చట్టం మాత్రం మొదటి షెడ్యూలు జంతువును పంట తిన్నదన్న కారణంతో చంపడానికి దారి ఉంచలేదు. మనిషి ప్రాణానికి ముప్పు కావాలి, లేదా జంతువు కోలుకోలేని స్థితిలో ఉండాలి. ఒక చట్టం తుపాకి చేతికిచ్చి, ఇంకో చట్టం ఎదుటి జంతువును తప్పించింది. కృష్ణ జింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. అదే జంతువును 1932లో టెక్సాస్ తీసుకుపోయారు. అక్కడ అవి పెరిగి, కంచె వేసిన పొలాల్లో డబ్బు కట్టి కొట్టే వేట జంతువులయ్యాయి. మనకు రాష్ట్ర జంతువు, వాళ్లకు రేటు కార్డులో ఒక వరస!

ఆ దారి మనకు వద్దు. ఫ్యాక్షన్ చూసిన నేల మీద చేను పేరుతో తుపాకులు పంచడం కంటే ప్రమాదకరమైన పని నాకు కనిపించదు. కానీ మొలక దశలో రాత్రంతా చేలో మంచం వేసుకుని డబ్బా కొట్టే రైతుకు నిషేధం ఒక్కటే జవాబు కాలేదు. 2025లో మధ్యప్రదేశ్‌లో షాజాపూర్ వైపు హెలికాప్టర్‌తో మందలను తోలి, గరాటు ఆకారంలో గుడ్డ గోడలు కట్టిన బోమా అనే ఆవరణలోకి నడిపించి, వందల కృష్ణ జింకలను పట్టి వేరే అడవులకు తరలించారు. మత్తు సూది గానీ తూటా గానీ వాడలేదు. నల్లరేగడి బయలులో ఈ పద్ధతి ఇంకా సులువు కావాలి. చిక్కంతా పట్టిన తర్వాతే. బట్టమేక పిట్ట కోసం కర్నూలు ప్రాంతంలో 1988లో ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యం 614 హెక్టార్లు మాత్రమే. అక్కడ జింకలు పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయన్న ఫిర్యాదు ఈనాటిది కాదు. నల్లమల దట్టమైన అడవి, దుప్పికి, కణితికి ఇల్లు, బయలు జంతువుకు కాదు. గడ్డి మైదానాలను బంజర్లని రాసుకుని, చెట్లు నాటడానికో సోలార్ పలకలకో ఇచ్చేసిన తర్వాత, లారీలోకి ఎక్కించిన జింకలను ఎక్కడ దించాలో అటవీ శాఖ ముందుగా చెప్పాలి.