కానుకపెట్టెకు నోరొచ్చింది

పుల్పిట్ పక్కన క్యూఆర్ కోడ్ మా మందిరంలో ఎప్పట్నుంచో ఉంది. పోయిన నెల దానికి మాట్లాడే డబ్బా కూడా తగిలించాం. కిరాణా కొట్లో "యాభై రూపాయలు అందాయి" అని అరుస్తుందే, అదే. సంఘ కమిటీ కార్యదర్శిని కాబట్టి దీన్ని సమర్థించడం నా బాధ్యత.

ధర్మం చేసేటప్పుడు కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నాడు కదా ప్రభువు, అని ఒకాయన అడ్డుపడ్డాడు. జాగ్రత్తగా చదివితే అక్కడున్నవి చేతులే. చెవుల గురించి ఎక్కడా లేదు.

పైగా దీనికి పాత ఆధారం ఉంది. యెరూషలేము దేవాలయంలో బూర ఆకారపు కానుకపెట్టెలు 13 ఉండేవని యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో రాశారు. అంతా నాణేలే కదా, చప్పుడు రాకుండా ఉంటుందా? అక్కడే ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసింది. లెక్క కట్టాను. ఆ కాలపు రోజుకూలి ఒక దేనారం. అందులో 64వ వంతు ఆ రెండు కాసులు. ఈనాటి కూలి 500 అనుకుంటే ఎనిమిది రూపాయలు కూడా కాదు. అయినా అందరికంటే ఆమే ఎక్కువ వేసిందన్నాడు యేసు. ఈ లెక్కను మా కోశాధికారి ఆడిట్‌లో ఎలా చూపించాలి?

దశమ భాగం సంగతి బైబిల్ స్టడీలో తేల్చేశాం. గ్రాస్ జీతం మీదా, చేతికొచ్చేదాని మీదా అని గంటసేపు ప్రార్థనాపూర్వకంగా వాదించుకున్నాం. పీఎఫ్, హోమ్ లోన్, చీటీ, పిల్లల ఫీజులు పోగా మిగిలినదాంట్లో పదోవంతు అని తీర్మానమైంది. మిగిలేది సున్నా. దాంట్లో పదోవంతు ఎంతో, దశమ భాగం తెమ్మన్న మలాకీ ప్రవక్తే చెప్పాలి. ఆయనకేం, ఈఎంఐ లేదు.

"నీ ధనమెక్కడ నుండునో అక్కడనే నీ హృదయము ఉండును." ఈ వాక్యం పట్టుకుని నా హృదయాన్ని వెతికాను. బైపాస్ పక్కన 200 గజాల్లో కొంత దొరికింది. అక్కడ రేటు పెరిగినప్పుడల్లా కొట్టుకుంటోంది. ఇంకొంత చీటీపాటలో ఉంది. మిగతాది తాకట్టులో ఉన్న నగలతో పాటు బ్యాంకులో ఉంది, వడ్డీ కడుతున్నాను. ఆదివారం పది నుంచి పన్నెండున్నర దాకా మందిరంలో కూర్చునేది తక్కిన శరీరం.

మేమేదో పేరు కోసం ఇస్తామనుకునేరు. మా మందిరంలో ఫ్యాన్ల రెక్కల మీద దాతల పేర్లున్నాయి నిజమే. తిరుగుతుంటే కనిపించవు కదా! కరెంటు పోయినప్పుడు మాత్రమే మహిమంతా మాకొస్తుంది.

డబ్బా పెట్టిన మొదటి ఆదివారమే యాభైలు ఐదువందలయ్యాయి. పాపపు ఒప్పుకోలు ప్రార్థన మధ్యలో మాత్రం "ఒక రూపాయి అందింది" అంది. ఎవరో టెస్ట్ చేశారట.

ఆరాధనయ్యాక ఒక మామ్మ చిన్న సంచి తెచ్చింది. రోజూ ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి దాచిన బియ్యం. డబ్బా ఏమీ అనలేదు. కోశాధికారి తూచి, అరకిలో, "ఇతరములు" అని రాసి పేరడిగాడు.

"నా పేరెందుకు బాబూ, ఎక్కడైనా రాయి మిగిలిందేమో చూడు, కళ్లు సరిగ్గా ఆనడం లేదు" అంది.

రెండు దొరికాయి. మినిట్స్‌లో అదీ రాశాను.