పాడినవాడి గోల మనకెందుకు?

ఈమధ్య కొందరు బొత్తిగా మర్యాద లేని ప్రశ్న ఒకటి వేస్తున్నారు. ఎప్పుడో 1960లలో జమైకాలో అచ్చయిన ఏడంగుళాల గ్రామఫోన్ ప్లేటు ఇవాళ వేలంలో వందల పౌండ్లు పలికితే, అందులో పాడినవాడికి ఎంత ముడుతుంది అని. పైసా ముట్టదని అడిగేవాళ్లకూ తెలుసు. పాత ప్లేటు చేతులు మారినప్పుడల్లా గాయకుడికి వాటా పంపే ఏర్పాటు ఏదీ లేదు. తెలిసీ అడుగుతున్నారంటే దురుద్దేశం ఉన్నట్టే. కాబట్టి పాత ప్లేట్ల సేకర్తల తరఫున వకాల్తా పుచ్చుకోక తప్పడం లేదు.

ముందుగా కష్టం ఎవరిదో తేల్చుకుందాం. గాయకుడు మైకు ముందు నిలబడింది మూడు నిమిషాలు. సేకర్త ఆ ప్లేటు కోసం ఏళ్ల తరబడి దుమ్ములో వెతికాడు, భార్య దగ్గర ధర దాచాడు, చెమ్మ తగలని గదిలో నిలువుగా పెట్టి కంటికి రెప్పలా కాపాడాడు. మూడు నిమిషాల పనికి మూడు తరాల కూలి అడగడం ఏం న్యాయం?

పైగా పేరు చెరిపేయడం జమైకా సంగీతానికి పుట్టుకతో వచ్చిన సంప్రదాయం. 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్ వీధుల్లో సౌండ్ సిస్టమ్‌ల పోటీ నడిచేది. బీరువాలంత స్పీకర్లు పేర్చి, అమెరికా నుంచి తెచ్చిన ప్లేట్లు మోగించి, జనాన్ని ఆడించేవారు. ఎవరి దగ్గర ఎవరికీ లేని పాట ఉంటే వాళ్లదే రాజ్యం. ఆ పాట ఏదో అవతలివాడికి తెలియకుండా లేబుల్ మీది అక్షరాలు శుభ్రంగా గోకేసేవారు. సౌండ్ సిస్టమ్ యజమాని కాక్సన్ డాడ్ అలాగే ‘లేటర్ ఫర్ గేటర్’ అనే ప్లేటును గోకి, దానికి ‘కాక్సన్ హాప్’ అని తన పేరే పెట్టి, తన ముద్రగా మోగించుకున్నాడు. ఆయన ప్రత్యర్థి డ్యూక్ రీడ్ మాజీ పోలీసు, మద్యం దుకాణం యజమాని, తుపాకీ లేకుండా డాన్సుకు రాని మనిషి. ఆయన ఆ ప్లేటు ఆచూకీ పట్టి, తన సౌండ్ సిస్టమ్ మీద మోగించి డాడ్ పరువు తీశాడు. ఈ కథ జమైకా సంగీతమైన రెగే చరిత్రలో అందరూ చెప్పేదే. ఆ ప్లేటులో శాక్సఫోన్ ఊదిన విల్లిస్ జాక్సన్ గురించి మాత్రం ఎవరూ బెంగ పెట్టుకోరు. కథలో పరువు పోయింది డాడ్‌ది కదా!

తర్వాత జమైకా సొంతంగా ప్లేట్లు అచ్చేసుకుంది. లేబుల్ మీద ఏమీ రాయని ప్లేట్లు ఇంగ్లండ్ చేరేవి. అక్కడి జనం వాటిని ‘ప్రీ’ (విడుదలకు ముందువి) అని పిలుచుకుని, పేరున్న ప్లేటుకంటే ఎక్కువ పెట్టి కొనేవారు. పేరు లేకపోతే ధర పెరుగుతుందని బజారే తేల్చి చెప్పాక, పేరు కోసం పట్టుబట్టే గాయకుడు తన సరుకు విలువ తానే తగ్గించుకుంటున్నాడని ఎవరైనా ఆయన చెవిన వేస్తే బాగుండును.

పేరు వేసిన ప్లేట్ల మీద మాత్రం ఏం సుఖం? పాట రాసినవారి స్థానంలో చాలాసార్లు నిర్మాత పేరు కనిపిస్తుంది. ఒకరి పాటకు మరొకరి పేరు పడ్డ లేబుళ్లూ ఉన్నాయి, అక్షరం తప్పినవి కోకొల్లలు. అచ్చుతప్పు ఉన్న ప్లేటు అరుదైనదైతే మన గుండె ఇంకాస్త వేగంగా కొట్టుకుంటుంది. జమైకా గాయకుడు కెన్ బూత్ 1974లో ‘ఎవ్రీథింగ్ ఐ ఓన్’ పాడి బ్రిటన్ హిట్ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లాడు. లేబుల్ మీద అలా ఉంది గానీ, ఆయన పాడింది ‘ఎనీథింగ్ ఐ ఓన్’ అని. దాన్ని అమ్మిన ట్రోజన్ కంపెనీ మరుసటి ఏడాదే దివాలా తీసింది. ఏమీ మిగలకపోయినా అచ్చులో ‘సర్వస్వం’ ఉంది, అది చాలదూ?

స్టూడియో వన్ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. బ్రెంట్‌ఫోర్డ్ రోడ్డులో డాడ్ తెరిచిన ఈ స్టూడియోకి ఆదివారాలు కుర్రాళ్లు బారులు తీరేవారు, గొంతు పరీక్షకు. వేరే ఎవరూ గడప తొక్కనివ్వని పిల్లలకు ఆయన మైకు ఇచ్చాడు. ఇది వెటకారం కాదు, నిజమే ఒప్పుకోవాలి. లెరోయ్ సిబిల్స్ అక్కడ పాడాడు, బేస్ గిటార్ వాయించాడు, వచ్చిన కుర్రాళ్లను వడపోశాడు. ఆ స్టూడియో వాద్య బృందం ‘రియల్ రాక్’ అని ఒక బాణీ వాయిస్తే, దాని మీద ఎందరెందరో పాటలు కట్టుకున్నారు. లేబుల్ మీద ‘సౌండ్ డైమెన్షన్’ అని బృందం పేరు వేశారు. బేస్ మీద ఆడిన వేళ్లు ఎవరివో వేయలేదు. 2004లో ఆ వీధికి స్టూడియో పేరు పెట్టారు. వేళ్ల పేరు పెడితే వీధికి బాగుండదు.

ఇక అసలు వాదనకు వస్తాను. గాయకుడు లేకపోతేనే పాట బాగుంటుందని జమైకా ఎప్పుడో నిరూపించింది. 1960ల చివర్లో డ్యూక్ రీడ్ గారి ట్రెజర్ ఐల్ స్టూడియోలో పారగాన్స్ అనే గాయక బృందం పాట ఒకదాన్ని ప్లేటు మీదకు ఎక్కిస్తూ, ఇంజనీరు పొరపాటున గొంతుల ట్రాక్ కలపడం మర్చిపోయాడు. సౌండ్ సిస్టమ్ నడిపే రడ్డీ రెడ్‌వుడ్ ఆ ప్లేటునే డాన్సులో మోగిస్తే జనం వెర్రెత్తిపోయి తామే పాడుకున్నారు. నిర్మాతలకు జ్ఞానోదయమైంది. రెండో వైపుకు మరో పాట చేయించి మరో గాయకుడికి డబ్బివ్వడం దేనికి? అదే పాటలో గొంతు తీసేస్తే ‘వెర్షన్’ తయారు. రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే కింగ్ టబ్బీ ఆ వెర్షన్‌లను ముక్కలు చేసి, ప్రతిధ్వనులు జోడించి, డబ్ అనే మహాకళనే నిలబెట్టాడు. 1970లో యూ-రాయ్ ఆ ఖాళీల్లో కబుర్లు చెప్పి, జమైకా హిట్ పాటల పట్టికలో మొదటి మూడు స్థానాలూ ఒక్కడే ఆక్రమించాడు.

తర్వాత వాద్యగాళ్ల వంతు. 1985లో వేన్ స్మిత్ పాడిన ‘అండర్ మీ స్లెంగ్ టెంగ్’కి నిర్మాత కింగ్ జామీ వాద్య బృందాన్ని పిలవనక్కర్లేకపోయింది. క్యాసియో ఎమ్‌టీ-40 అనే చిన్న కీబోర్డులో బొత్తం నొక్కితే వచ్చే బాణీ సరిపోయింది. క్యాసియో దానికి భోజనం అడగదు, బస్సు ఛార్జీ అడగదు. ఆ బాణీని జపాన్‌లో కూర్చింది హిరోకో ఒకుడా అనే క్యాసియో ఉద్యోగిని. పాడినవాడూ పోయి, వాయించినవాడూ పోయి, చివరికి మిగిలింది ప్లేటూ, మనమూ. చరిత్ర మన వైపే నడిచిందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

నాణ్యత గురించీ నసుగుతారు కొందరు. పాత ప్లేట్లను లేబుల్ కాగితంతో సహా నూరి, కరిగించి, మళ్లీ అచ్చేసేవారు కాబట్టి జమైకా ప్లేట్లలో గరగర ఎక్కువ. ఆ గరగరే జమైకా ఆత్మ అని మనవాళ్లు చెబుతారు. అదే గరగర పక్కింటి టీవీలో వస్తే కంప్లయింటు ఇస్తారు, అది వేరే విషయం.

చివరగా, బకాయిల గురించి మరీ బాధగా ఉన్న కళాకారులకు ఒక మార్గం చెబుతాను. గాయకుడు, నిర్మాత లీ పెర్రీ తన పాత యజమాని, నిర్మాత జో గిబ్స్ మీద కడుపుమంటతో 1968లో ‘పీపుల్ ఫన్నీ బాయ్’ అచ్చేశాడు, పసిపిల్ల ఏడుపుతో సహా. గిబ్స్ ఊరుకున్నాడా? పయనీర్స్ అనే గాయక బృందం చేత ‘పీపుల్ గ్రడ్జ్‌ఫుల్’ అని తిరుగు జవాబు పాడించాడు. ఆ రెండు ఫిర్యాదులనూ మనం ఇప్పటికీ భద్రంగా దాచుకుంటున్నాం. కాబట్టి డబ్బు అందలేదని చెప్పదలచినవారు ఉత్తరాలు రాయవద్దని మనవి. ఏడంగుళాల్లో, నిమిషానికి 45 తిరుగుళ్ల వేగంతో, మధ్య పెద్ద చిల్లుతో పంపితే తప్పక పరిశీలిస్తాం. లేబుల్ మీద పెన్నుతో ఏమీ రాయకూడదు, సంతకం కూడా. ప్లేటు గ్రేడు తగ్గుతుంది.