పరిశోధన సొమ్ముతో కొనుగోళ్లా?

లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల నిధి కాగితం దాటి కదిలింది. 2025 జులై 1న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, నవంబర్ 3న ప్రధాని ప్రారంభించారు, 2025-26 బడ్జెట్లో 20 వేల కోట్లు కేటాయించారు. పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో ప్రత్యేక నిధి, అక్కడి నుంచి రెండో అంచె ఫండ్ మేనేజర్లకు దీర్ఘకాలిక రాయితీ రుణం, వాళ్ల ద్వారా ప్రైవేటు కంపెనీలకు నామమాత్రపు వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పు. ఇంతవరకు పాఠకులకు తెలిసిందే. అంతగా చర్చకు రానిది పథకం లక్ష్యాల్లో ఉన్న ఒక అంశం. వ్యూహాత్మకంగా కీలకమైన టెక్నాలజీలను సమకూర్చుకోవడానికి కూడా ఈ డబ్బు వాడవచ్చు. సమకూర్చుకోవడం అంటే ఆచరణలో కొనుక్కోవడమే. పరిశోధన పేరు చెప్పి విదేశీ యంత్రాలు దించుకునే దారి ఇక్కడే తెరుచుకుంటోంది. మొదటి విడతలోనే దీన్ని మూయకపోతే ఇక ఎప్పటికీ మూయలేరు.

పరిశ్రమ వర్గాల వాదన మాకు తెలుసు. అప్పు ఖరీదు, మార్కెట్ చిన్నది, ప్రయోగం విఫలమైతే మునిగేది కంపెనీయే, చక్రం మళ్లీ కనిపెట్టే బదులు ఉన్నదాన్ని తెచ్చుకుంటే తప్పేమిటి అంటారు. తెచ్చుకోవడంలో తప్పు లేదు. ఆ పనిని పరిశోధన అనడం తప్పు. దానికి ప్రజల సొమ్ము అడగడం అంతకంటే పెద్ద తప్పు.

కొన్న టెక్నాలజీ ఫ్యాక్టరీలోకి ఎలా వస్తుందో ఆ పని చేసేవాళ్లకు తెలుసు. లైన్ మొత్తం కంటైనర్లలో దిగుతుంది. అమ్మిన కంపెనీ ఇంజినీర్లు రెండు మూడు నెలలుండి నడిపించి వెళ్లిపోతారు. కంట్రోలర్ ప్రోగ్రామ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది, అది వాళ్ల దగ్గరే ఉంటుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంతసేపు ఉంచాలో షీటు ఇస్తారు, ఎందుకు ఉంచాలో చెప్పరు. ఏడాది తిరిగేసరికి ముడిసరుకు సరఫరాదారు మారతాడు, తేమ శాతం కాస్త తేడా వస్తుంది, దిగుబడి పడిపోతుంది. ఏ మీట ఎటు తిప్పాలో మన షిఫ్ట్ ఇన్‌చార్జికి తెలియదు. మళ్లీ ఫోన్, మళ్లీ విమానం టికెట్టు, మళ్లీ డాలర్లలో బిల్లు. అమ్మినవాడికి అది తొమ్మిదో మెట్టు దాటి స్థిరపడిన పరిజ్ఞానం. కొన్నవాడు ఇంకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

ఆ మెట్ల లెక్కలోనే అసలు కిటుకుంది. టెక్నాలజీ సంసిద్ధతను ఒకటి నుంచి తొమ్మిది స్థాయిలుగా కొలుస్తారు. ఈ నిధి నాలుగో స్థాయి నుంచి పైవాటికే వర్తిస్తుంది. అంటే ప్రయోగశాలలో పనిచేస్తుందని రుజువైన దశ నుంచి. నిర్ణయం మంచిదే, ఎందుకంటే మన ఆవిష్కరణలు ఎక్కువగా చచ్చిపోయేది నాలుగుకూ ఏడుకూ మధ్యనే.

ఎందుకు చస్తాయో ఒక్క ఉదాహరణ చాలు. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ కంపెనీల్లో రోజూ జరిగే నైట్రేషన్‌నే, అంటే ఆమ్లంతో అణువుకు నైట్రో గ్రూపును తగిలించే పనినే తీసుకోండి. అది వేడి పుట్టించే చర్య. లీటరు ఫ్లాస్కును ఐసు తొట్టిలో పెట్టి ఆమ్లాన్ని అరగంటలో బొట్టుబొట్టుగా పోస్తే సాఫీగా అయిపోతుంది. అదే పనిని 5,000 లీటర్ల గ్లాస్‌లైన్డ్ రియాక్టర్‌కు తెస్తే పరిమాణం 5,000 రెట్లు పెరుగుతుంది కానీ, వేడిని లాగేసే గోడ వైశాల్యం పెరిగేది 300 రెట్లకు లోపే. లీటరుకు దక్కే చల్లదనపు గోడ 17వ వంతుకు పడిపోతుంది. మిగతావన్నీ సమానమనుకున్నా అరగంటలో పోసిన ఆమ్లాన్ని ఎనిమిది గంటలకు పైగా పోయాలి. ఆ ఎనిమిది గంటలూ తయారైన సరుకు ఆమ్లంలోనే నానుతుంది, రెండో నైట్రో గ్రూపు ఎక్కిన మలినం పెరుగుతుంది, బ్యాచ్ స్పెసిఫికేషన్‌లో ఫెయిలవుతుంది. తొందరపడి వేగంగా పోస్తే రియాక్టర్ అదుపు తప్పుతుంది. దీనికి పరిష్కారం ఏ కేటలాగులోనూ దొరకదు. 50 లీటర్లు, 500 లీటర్లు అంటూ ఒక్కో అంచెలో చేసి, వేడిని కొలిచి, ద్రావకం మార్చి, ఫెయిలైన బ్యాచ్‌ను విప్పి చూసుకుంటూ ఎక్కాలి. ఏళ్లు పడుతుంది. లక్ష కోట్ల నిధి మోయాల్సింది ఆ ఏళ్ల ఖర్చును.

దానికి బదులు ఏం జరగబోతోందో ఊహించడం కష్టం కాదు. స్థాయి ఎంతో మొదట రాసేది దరఖాస్తుదారే. నిధి దగ్గరికి వచ్చినప్పుడు నాలుగో స్థాయి అని, ఇన్వెస్టర్ల దగ్గర ఎనిమిదో స్థాయి అని ఒకే ప్రాజెక్టును రెండు రకాలుగా చూపించడానికి అడ్డేమీ లేదు. సామర్థ్య విస్తరణకు పరిశోధన చొక్కా తొడగడం అంతకంటే సులువు.

ఇది మా అనుమానం మాత్రమే కాదు, జరిగిన చరిత్ర. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 35(2ఏబీ) కింద సొంత ల్యాబ్‌పై పెట్టే ప్రతి వంద రూపాయలకు 200 రూపాయల మినహాయింపు ఉండేది. భూమి, భవనాల ఖర్చు లెక్కలోకి రాదన్నారు, ల్యాబ్‌కు కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్‌ఐఆర్) ఆమోదం ఉండాలన్నారు, ఖాతాలు వేరుగా రాయాలన్నారు. 2017 ఏప్రిల్ నుంచి దాన్ని 150 శాతానికి, 2020 ఏప్రిల్ నుంచి 100 శాతానికి తగ్గించారు. ఇంతటి రాయితీ ఏళ్లపాటు ఉన్నాక మిగిలిందేమిటి? 2020-21 అధికారిక లెక్కల ప్రకారం పరిశోధనపై దేశం పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం. అందులో ప్రైవేటు పరిశ్రమ వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. చైనా, జపాన్, దక్షిణ కొరియాల్లో పరిశ్రమల వాటా 70 శాతం పైమాటే. ఇచ్చి చూశాం. పరిశోధన పేరు వచ్చింది కానీ పరిశోధన రాలేదు. ఇప్పుడు అదే పేరుతో లక్ష కోట్లు.

కాకినాడ వైపు చూస్తే ఈ నిర్లక్ష్యం ధర ఎంతో అర్థమవుతుంది. యాంటీబయాటిక్‌ల తయారీకి మూలమైన పెన్సిలిన్-జి ఒకప్పుడు ఈ దేశంలో తయారయ్యేది. పుణె దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్, రిషికేశ్‌లో ప్రభుత్వ రంగ ఐడీపీఎల్, తర్వాత ప్రైవేటు కంపెనీలూ చేశాయి. చైనా సరుకు చవగ్గా రాగానే ఒక్కొక్క చోటా ఆ తయారీ ఆగిపోయింది. చవకదనం వెనక ఉన్నవి కరెంటు రాయితీ, భారీ సామర్థ్యం మాత్రమే కాదు, బూజు కూడా. పెన్సిలియం శిలీంధ్రం 1940ల మొదట్లో మిల్లీలీటరుకు కొద్దిపాటి యూనిట్లే ఇచ్చేది. తరం తర్వాత తరం మ్యుటేషన్లు చేసి, ఏరి, పెంచి నేటి పారిశ్రామిక రకాలను లక్ష యూనిట్ల దరిదాపుల్లోకి తెచ్చారు. ఈ పని ఆపితే రకం ఉన్నచోట ఉండదు, వెనక్కి పోతుంది. వరసగా తిరిగి నాటుతూపోతే దిగుబడి క్షీణిస్తుంది కాబట్టి మాతృ నిల్వను గడ్డకట్టించి దాచాలి, ప్రతి విడతనూ పరీక్షించాలి. గ్లూకోజ్ ఎంత ధారగా వదలాలి, ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం విషంగా మారకుండా ఎంత మోతాదులో కలపాలి, ట్యాంకులో ప్రాణవాయువు ఎందుకు చాలడం లేదు.. వీటి జవాబులు మనుషుల చేతుల్లో ఉంటాయి. ప్లాంటు మూసిన రోజునే ఆ మనుషులు చెదిరిపోయారు. 6,940 కోట్ల రూపాయల ఉత్పత్తి ప్రోత్సాహక పథకం పెట్టుకుని, అరబిందో అనుబంధ సంస్థ ఏటా 15 వేల టన్నుల సామర్థ్యంతో కాకినాడ దగ్గర ప్లాంటు కట్టి, దశాబ్దాల తర్వాత మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అది నిలదొక్కుకోవాలని మనసారా కోరుతున్నాం. కానీ ఈసారైనా స్ట్రెయిన్ (శిలీంధ్ర రకం) మెరుగుదల బృందాన్ని ఖర్చుల కోత జాబితాలో పెట్టకుండా ఉంటేనే అది సాధ్యం.

మన గడ్డకు ఇది చేతకాదని ఎవరైనా అంటే ఒప్పుకోం. 1993లో హైదరాబాద్‌లో పుట్టిన శాంతా బయోటెక్నిక్స్‌కు హెపటైటిస్-బి టీకా పరిజ్ఞానం ఇవ్వడానికి విదేశీ కంపెనీ నిరాకరించింది. సంస్థ స్థాపకుడు వరప్రసాద్ రెడ్డి బృందం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో చోటు అడిగి పని చేసుకుంది. 1997లో దేశపు తొలి రీకాంబినెంట్ (జన్యు ఇంజినీరింగ్‌తో చేసిన) టీకాను దిగుమతి ధరలో చిన్న భాగానికి మార్కెట్లోకి తెచ్చింది. కొనడానికి వీల్లేకపోవడమే ఆ రోజున మేలు చేసింది. అదే ఏడాది డాక్టర్ రెడ్డీస్ మధుమేహ మందు కోసం తాను రూపొందించిన బాలాగ్లిటాజోన్ అణువును డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకిచ్చింది. ఆ వరసలోనే వచ్చిన రాగాగ్లిటాజార్‌పై పరీక్షలు 2002లో ఆగిపోయాయి, ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయి కాబట్టి. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి చేసింది నిజమైన పరిశోధన అనడానికి ఆ వైఫల్యమే సాక్ష్యం. సొంత డబ్బుతో, సొంత అణువుతో, ఫలితం తెలియకుండా దిగారు. నేటి బోర్డు గదుల్లో ఎంతమందికి ఆ తెగువ ఉంది?

కొనడం నుంచి నేర్చుకోవడానికి దారి లేదనీ మేము అనడం లేదు. హ్యుందాయ్ మొదట్లో మిత్సుబిషి ఇంజిన్లే వాడుకుంది. కానీ ఆ లైసెన్సు నడుస్తుండగానే సొంత ఇంజిన్ కోసం వేరే పరిశోధనా కేంద్రం పెట్టి, పరీక్షల్లో ఇంజిన్ల మీద ఇంజిన్లు పగలగొట్టుకుని, 1991లో ఆల్ఫా ఇంజిన్ బయటికి తెచ్చింది. మన దగ్గర లైసెన్సు గడువు తీరేలోపు జరిగే ఏకైక పని, గడువు పొడిగింపు దరఖాస్తు.

ల్యాబ్ ఉన్న కంపెనీల్లోనూ లోపల జరిగేది చూడండి. జెనరిక్ దరఖాస్తుల ఫైలింగ్, స్టెబిలిటీ పరీక్షలు, కస్టమర్ ఆడిట్‌కు కాగితాలు సిద్ధం చేయడం.. అన్నీ అవసరమైన పనులే. కానీ వీటన్నిటినీ ఆర్ అండ్ డీ ఖాతాలో వేసి వార్షిక నివేదికలో శాతం చూపిస్తారు. మార్చి వచ్చిందంటే పైలట్ ప్లాంటును ఖాళీ చేయించి అందులో అమ్మకం ఆర్డర్ బ్యాచ్ పెడతారు. నాలుగు నెలల ప్రయోగం మధ్యలో ఆగి, రియాక్టర్ కడిగి, మళ్లీ మొదటికి వస్తుంది. పరిశోధన అధిపతి ప్లాంటు అధిపతికి జవాబుదారీగా ఉన్నంతకాలం ఇదే జరుగుతుంది. బోర్డు మొదట మార్చాల్సింది ఈ అమరికను, దీనికి ఏ ప్రభుత్వ నిధీ అక్కర్లేదు. ఇక ఖాతాల సంగతి. పరిశోధన దశ ఖర్చును ఆ ఏడాదే లాభనష్టాల్లో చూపాలి, అభివృద్ధి దశ ఖర్చును షరతులకు లోబడి ఆస్తిగా మలచుకోవచ్చు అని భారతీయ అకౌంటింగ్ ప్రమాణం (ఇండ్ ఏఎస్) 38 చెబుతోంది. మొదటిదాన్ని తగ్గించి రెండోదాన్ని ఉబ్బించాలన్న ఆశ ప్రతి త్రైమాసికంలోనూ పుడుతుంది. చవక అప్పు దానికి ఆజ్యం పోస్తుంది.

కాబట్టి ఫండ్ మేనేజర్లకు మా మాట సూటిగా చెబుతున్నాం. అడిగే కంపెనీ గత అయిదేళ్లలో సొంతంగా ఎంత ఖర్చు పెట్టిందో మొదట చూడండి. నిధి వచ్చాక ఆ మొత్తం ఒక్క రూపాయి తగ్గినా తర్వాతి విడత ఆపేయండి, లేకపోతే ప్రజల డబ్బు కంపెనీ డబ్బును పక్కకు నెట్టడం తప్ప జరిగేదేమీ ఉండదు. విడతలను ఖర్చు బిల్లులకు కాక సాంకేతిక ఫలితానికి ముడిపెట్టండి. పైలట్ స్థాయిలో వరసగా మూడు బ్యాచ్‌లు స్పెసిఫికేషన్‌లో పాసయ్యాయా అన్నది కొలవదగ్గ ఫలితం. 60 శాతం పనులు పూర్తయ్యాయన్న కన్సల్టెంట్ సర్టిఫికెట్ ఫలితం కాదు. ఏ ఫలితం రాకపోతే ప్రాజెక్టు ఆపేస్తారో మొదటి రోజే రాయించుకోండి. సంసిద్ధత స్థాయిని దరఖాస్తుదారు చెప్పింది నమ్మకుండా ల్యాబ్‌కు వెళ్లి నోట్‌బుక్ తెరిచి చూడండి. టెక్నాలజీ కొనుగోలుకు అయితే ఒకే షరతు: డ్రాయింగులు, ప్రోగ్రామ్ సోర్స్, మార్పులు చేసుకునే హక్కు ఒప్పందంలో ఉండాలి, వాటిని నేర్చుకునే పూర్తికాల బృందం పేర్లు దరఖాస్తులో ఉండాలి. ఇవి లేని కొనుగోలు పరిశోధన కాదు, బ్యాంకుకు వెళ్లమనండి.

కంపెనీల బోర్డులకు కూడా ఒక మాట. ఏళ్లుగా ఏటా రెండంకెల లాభాల వృద్ధి, ఘనమైన డివిడెండ్లు, వార్షిక సమావేశంలో ఆవిష్కరణ అన్న మాట పదిసార్లు. అదే నోటితో రిస్కు మాత్రం ప్రభుత్వం తీసుకోవాలంటున్నారు. దరఖాస్తుతో పాటు ఒక్క కాగితం జతచేయండి. గత అయిదేళ్లలో మీ ల్యాబ్‌లో మొదలుపెట్టి, విఫలమై, ఆపేసిన ప్రాజెక్టుల పేర్లు, వాటిపై పోయిన మీ సొంత సొమ్ము అందులో రాయండి. రాయడానికి ఒక్క పేరు కూడా లేకపోతే ఆ దరఖాస్తును మీరే వెనక్కి తీసుకోండి.