మహారాజశ్రీ గుడ్ల అట్టలవారి సముఖమునకు

ఉభయకుశలోపరి. గోడల మీద తమరు క్షేమం. తమ గుంటల్లో కాపరం పెట్టిన బల్లులూ క్షేమం. క్షేమంగా లేనిదల్లా మా ఇంటి రికార్డింగు గదిలో నిన్న రాత్రి పాడిన పాటేనండి. పదకొండుసార్లు పాడి పదకొండు టేకులు తీస్తే పదకొండింట్లోనూ రొయ్యల చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు శ్రుతిపెట్టెలా మోగుతూనే ఉన్నాయి.

తణుకు కోళ్లఫారాల నుంచి 30 గుడ్లు పగలకుండా మోసుకొచ్చే తమరంటే గౌరవం లేకపోలేదు. శబ్దాన్ని ఆపుతారని మీ గురించి ఎవరు పుట్టించారో గానీ, ఆ మాట నమ్మి నాలుగు గోడలకీ మూడొందల పైచిలుకు మందిని అతికించాం. శబ్దాన్ని ఆపేది బరువు. మీకేం బరువుందండీ? ఫ్యాను వేస్తే ఎగిరిపోతారు. ఆపాల్సినంత 9 అంగుళాల ఇటుక గోడే ఆపింది. లోపలికొచ్చేదంతా తలుపు కింద వేలెడు సందులోంచి, కిటికీ రెక్కల మధ్య నుంచి. చేనిగట్టు ఎంత లావుంటే ఏం, ఒక్క పీతబొక్క చాలదూ? బొక్క వదిలేసి గట్టుకి పూత పూశాం. తలుపు చట్రానికి రబ్బరు పట్టీ, అడుగున బ్రష్ పట్టీ చేసే పని ఇంతమందీ కలిసి చెయ్యలేకపోయారు!

పోనీ గది మారుమోతైనా మింగారా అంటే అదీ సగమే. చప్పట్లు కొడితే టంగుమనడం తగ్గింది. మోసపోయింది అక్కడే. సన్న ధ్వనులు కాస్త తిని, బేస్‌ని, అంటే లావు ధ్వనుల్ని, ముట్టుకోలేదు. 100 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు, మీ రెండంగుళాల లోతు దానికి ఏ మూలకి? పైగా గదేమో పది అడుగుల బై పది. పొడవూ వెడల్పూ ఒకటే కావడంతో ఎదురెదురు గోడల మధ్య మోగే గుమ్ము రెండు వైపులా 56 హెర్ట్జ్ దగ్గరే పడుతుంది. గొంతు చూడబోతే బానలో తలపెట్టి పాడినట్టుంది. దాన్ని ఈక్యూతో, అంటే సన్న లావు ధ్వనుల్ని విడివిడిగా పెంచి తగ్గించే మీటలతో, బాగుచేద్దామని కూర్చుంటే తెల్లారిపోద్ది.

కండెన్సర్ మైకుగారూ, తమరికీ ఓ దండం. పనిచెయ్యడానికి వైరులోంచి 48 వోల్టులు పుచ్చుకుని పక్కింటి మిక్సీని కూడా శ్రద్ధగా ఆలకిస్తారు. ఇలాంటి గదికి అంత చెవి లేని డైనమిక్ మైకు చాలని చెప్పి అమ్మే నాథుడేడీ?

ఇక మర్యాద చాలు. దిగండి! నాలుగంగుళాల రాక్‌వూల్‌కి, అంటే రాతి నూలు పలకకి, పల్చటి గుడ్డ చుట్టి, పైన గోనెపట్టా తొడిగి, గోడకి నాలుగంగుళాలు ఎడంగా మూలల్లో నిలబెడుతున్నాం. అందాకా బూరుగుదూది పరుపు ఉంది. మైకు వెనక కాదు, పాడేవాడి వీపు వెనక వేలాడుద్ది. ముందువైపు మాత్రమే బాగా వినే కార్డియాయిడ్ మైకు చూసేది అటే గదా. నోటికీ మైక్కీ జానెడు దూరం, 80 హెర్ట్జ్ కన్నా లావు ధ్వనులకి కోత. ఏరేటర్ మోతలో అంత మేర అక్కడే పోద్ది.

ముసురు పడితే చెమ్మ పీల్చి ఎలాగూ ఊడతారు. రేపు పొద్దున్న గుడ్ల బండి వస్తుంది. చిరగనివాళ్లు ఎక్కండి. జిగురంటినవాళ్లు పొయ్యిలోకి. అక్కడ మాత్రం భలే రాణిస్తారు; రంగు బల్బుల తీగల పక్కన మిమ్మల్ని చూసినప్పుడల్లా గుండె దడదడలాడింది అందుకే.

ఇట్లు,
పన్నెండో టేకుకి గొంతు సవరించుకుంటున్నవాడు