బేసిక్ ఎంతో అడిగారా? బెంగళూరు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్ల లెక్క

వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా లేస్తున్న టవర్లలో ఏసీ పని, కరెంటు పని, ప్లంబింగ్ చూసే టెక్నీషియన్లలో, సూపర్‌వైజర్లలో తెలుగువాళ్లు గట్టిగానే ఉన్నారు. హిందూపురం, కదిరి, మదనపల్లె, కడప వైపు నుంచి వచ్చినవాళ్లు. నాలుగైదేళ్లు గడిచేసరికి జీతం ముప్పై ఐదు వేల దగ్గర కదలకుండా కూర్చుంటుంది. అప్పుడే వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది: దుబాయ్, ఏసీ టెక్నీషియన్, 3,000 దిర్హామ్‌లు, రూమ్ ఫ్రీ, రెండేళ్ల కాంట్రాక్ట్. దిర్హామ్‌ను 23 రూపాయలుగా వేసుకుంటే నెలకు 69,000. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఆ 69,000 చూసి మురిసేముందు ఆఫర్ లెటర్‌లో ఇంకో గడి చూడాలి. బేసిక్ అనే గడి, అంటే అలవెన్సులు కలపని మూల జీతం. దుబాయ్ ఉన్న దేశమైన యూఏఈ కార్మిక చట్టంలో గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము), ఓవర్‌టైమ్ రెండూ కట్టేది బేసిక్ మీదే, మొత్తం జీతం మీద కాదు. ఉద్యోగం పోతే వచ్చే బీమా సొమ్ముకూ అదే ఆధారం. కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే బేసిక్ చిన్నదిగా, అలవెన్సులు పెద్దవిగా రాస్తారు.

రెండు ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది మొత్తం 3,000, అందులో బేసిక్ 1,000. రెండోది మొత్తం 2,800, బేసిక్ 1,800. రెండింటిలోనూ రూమ్ కంపెనీదే. అందరూ మొదటిదానికే చెయ్యెత్తుతారు. ఇప్పుడు ఓవర్‌టైమ్ వేయండి. బేసిక్‌ను 30 రోజులతో, 8 గంటలతో భాగిస్తే మొదటిదాంట్లో గంటకు 4.17 దిర్హామ్‌లు, రెండోదాంట్లో 7.50. దానిపై చట్టం చెప్పే కనీస అదనం 25 శాతం. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు, అంటే 52 గంటలు చేస్తే మొదటివాడికి నెలకు 271, రెండోవాడికి 487. గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. రెండేళ్లకు మొదటివాడికి 1,400, రెండోవాడికి 2,520. అన్నీ కలిపితే నెలకు 200 తక్కువని వదిలేసిన ఆఫరే రెండేళ్లలో సుమారు 1,500 దిర్హామ్‌లు ఎక్కువిస్తుంది. ఓవర్‌టైమ్ అసలు లేని సైట్ అయితే ఈ లెక్క తిరగబడుతుంది. అందుకే ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు వెంటవెంటనే అడగాలి: బేసిక్ ఎంత, నెలకు ఓవర్‌టైమ్ (ఓటీ) సగటున ఎన్ని గంటలు?

ఇక ఇంటి లెక్క. 2,800లో తిండి, ఫోన్, సబ్బు, సర్ఫ్ కలిపి 500 తీసేస్తే మిగిలేది 2,300, అంటే 52,900 రూపాయలు. ఓటీ వస్తే వస్తుంది, దాన్ని నమ్ముకుని అప్పు చేయకూడదు. ఇక్కడ చేతికి 35,000 వస్తోందనుకుంటే, మనిషి వెళ్లిపోయాక ఇంట్లో తగ్గేది అతని తిండి, పెట్రోలు, ఫోన్ ఖర్చు మాత్రమే. అది ఏడు వేలు వేసుకుందాం. అద్దె తగ్గదు, స్కూల్ ఫీజు తగ్గదు. కాబట్టి బెంగళూరు ఉద్యోగం ఇంటికిచ్చేది 28,000. దానికి పీఎఫ్ కలపాలి. 15,000 మీద కోస్తే ఉద్యోగి వాటా 1,800, కంపెనీ వాటా 1,800. మొత్తం 31,600. నిజమైన తేడా నెలకు 21,300 రూపాయలు. 69,000 ఎక్కడ, 21,300 ఎక్కడ!

గల్ఫ్‌లో జీతానికి పన్ను లేదన్న మాట కూడా ఈ స్థాయి జీతగాడికి పెద్దగా అక్కరకు రాదు. కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల లోపు జీతానికి ఇక్కడా పన్ను పడటం లేదు.

ఈ 21,300 చిన్న మొత్తం కాదు. కాకపోతే అది ఎన్నో నెల నుంచి మిగులుతుందన్నది ఏజెంటుకు ఎంత కట్టామన్న దాని మీద ఉంటుంది. మన చట్టం ప్రకారం లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంట్ తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. యూఏఈ చట్టమైతే రిక్రూట్‌మెంట్ ఖర్చు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదనే అంటుంది. 35,400 కడితే రెండు నెలల్లోపే తీరిపోతుంది. అదే లక్షన్నర అడిగితే, ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే, నెలకు 4,500 వడ్డీకే పోతుంది. మిగిలే 16,800తో అసలు తీర్చడానికి తొమ్మిది నెలలు పడుతుంది.

ఆ తొమ్మిది నెలలే అసలు ప్రమాదం. ఏడాది నిండకుండా ఉద్యోగం పోతే గ్రాట్యుటీ లేదు. 2023లో తప్పనిసరి చేసిన నిరుద్యోగ బీమాకు ఈ జీతంవాళ్లు కట్టేది నెలకు 5 దిర్హామ్‌లే. ఉద్యోగం పోతే బేసిక్‌లో 60 శాతం మూడు నెలల పాటు ఇస్తారు. కానీ వరుసగా 12 నెలలు కట్టి ఉండాలి, రాజీనామా చేసినవాళ్లకు వర్తించదు. బేసిక్ 1,000 అయితే ఆ 60 శాతం 600 దిర్హామ్‌లు. ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండొచ్చు, ఆ గడువులో 14 రోజుల నోటీసుతో పంపేయొచ్చు. అప్పు నెత్తిన ఉన్న కాలమూ, ఏ రక్షణా లేని కాలమూ ఒకటే కావడం ఈ వ్యవహారంలోని అసలు మెలిక. లక్షన్నర అడిగిన ఏజెంటును వద్దనడానికి ఈ ఒక్క కారణం చాలు.

చదువుకున్నవాడికి రక్షణ ఎక్కువ అనుకుంటాం. ఇక్కడ తిరకాసు ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్, అంటే పనికి వెళ్లేముందు తనిఖీ కావాలన్న గుర్తు, ఉంటుంది. వాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి కావాలి, కాంట్రాక్టు అక్కడ చూస్తారు, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే లేదా శాశ్వత వైకల్యం వస్తే 10 లక్షలు. డిప్లొమా చేసిన సూపర్‌వైజర్‌కు ఈ తనిఖీ ఏదీ లేదు, నేరుగా విమానం ఎక్కేయొచ్చు. 2019 జనవరి నుంచి వీళ్ల రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి చేస్తామని ప్రకటించి, మొదలు కాకముందే పక్కన పెట్టేశారు. కాబట్టి ఏజెంట్ లైసెన్సు చెల్లుతోందో లేదో ఈ-మైగ్రేట్‌లో తనే చూసుకోవాలి.

విజిట్ వీసా మీద రండి, వచ్చాక మారుస్తాం అనే మాట దగ్గరే ఆగిపోవాలి. ఆ వీసా మీద పని చేయడమే నేరం. యూఏఈలో ఉద్యోగ వీసాకు ముందు కార్మిక శాఖ నమూనాలో ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టిస్తారు. దిగాక రాసే కాంట్రాక్టులో అంతకన్నా తక్కువ ఉండకూడదు. విజిట్ వీసా మీద వెళ్లినవాడి చేతిలో ఆ కాగితం ఉండదు. అన్నట్టు, 2016లో ఈ పద్ధతి మొదలైనప్పుడు ఆఫర్ లెటర్‌కు ఎంచుకున్న పదకొండు భాషల్లో తమిళం, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. హిందీ చదవగలిగినా సరే, ఇంగ్లీషు ప్రతిని ఒకసారి తెలిసినవాళ్ల చేత చదివించుకోవాలి.

రాజీనామా ఎప్పుడన్నది ఇంకో ముడి. ముందు సొంత డబ్బుతో ఒక ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బీ పరీక్ష చేయించుకోవడం మేలు. ఎప్పుడో నయమైన టీబీ మచ్చ కనిపించినా గల్ఫ్ వీసాకు చేసే మెడికల్‌లో అన్‌ఫిట్ అంటారు. ఆ సంగతి ఉద్యోగం మానేశాక తెలియకూడదు. సర్టిఫికెట్ల అటెస్టేషన్ (అవి అసలువేనన్న అధికారిక ముద్ర) అవసరమైతే, మొదటి ముద్ర వాటిని ఇచ్చిన రాష్ట్రానిదే. అనంతపురంలో డిప్లొమా చేస్తే బెంగళూరులో ఆ ముద్ర పడదు, కాగితాలు ఆంధ్రకు వెళ్లాలి. తర్వాత విదేశాంగ శాఖ, ఆపైన ఎంబసీ. యూఏఈలోకి రానిచ్చే ఎంట్రీ పర్మిట్ వచ్చాక 60 రోజుల్లో అక్కడ దిగాలి. ఇక్కడి కంపెనీ నోటీసు కూడా 60 రోజులైతే రెండూ ఢీకొంటాయి. బేరం ముందే ఆడుకోవాలి.

సౌదీ లెక్క వేరు. అక్కడ ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ లాంటి పనులకు వెళ్లేముందే ఇండియాలో నైపుణ్య పరీక్ష ఉంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి అరనెల జీతం చొప్పున చివర్లో ఇస్తారు, కానీ రెండేళ్లు నిండకుండా రాజీనామా చేస్తే ఏమీ రాదు. కుటుంబాన్ని తీసుకెళ్తే తలకు నెలకు 400 రియాళ్ల రుసుము. కువైట్ గురించి కడపవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు: 18వ నంబరు కంపెనీ వీసా, 20వ నంబరు ఇంటి పని వీసా. కంపెనీ డ్రైవర్ అని చెప్పి 20 మీద పంపితే ప్రైవేటు రంగ కార్మిక చట్టం వర్తించదు.

ఇంటిల్లిపాదినీ బెంగళూరు అద్దె ఇంట్లోనే ఉంచి, 21,300 కోసం రెండేళ్లు దూరంగా ఉండటం మాకైతే గిట్టుబాటుగా కనిపించదు. భార్యాపిల్లలు సొంతూరికి మారితే 12,000 అద్దె మిగిలి తేడా 33,000 దాటుతుంది. అప్పుడు వెళ్లొచ్చు. పిల్లల స్కూలు మారడం కష్టమే, అందుకే ప్రయాణం వేసవి సెలవులకు సరిపడేలా కుదుర్చుకోవాలి. పీఎఫ్ డబ్బు తీసేయకండి. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, గల్ఫ్‌లో గడిపిన ఏళ్లు అందులో కలవవు. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను విదేశాల్లో ఉండేవాళ్లకిచ్చే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించి, అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలి.

తిరిగొచ్చేటప్పుడు కంపెనీ ఒక కాగితం ముందు పెడుతుంది: నాకు రావాల్సినవన్నీ ముట్టాయి అని. యూఏఈలో కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లో బకాయిలన్నీ ఇవ్వాలి. వీసా క్యాన్సిల్ చేసే హడావుడిలో డబ్బు రాకముందే దాని మీద సంతకం పెట్టించుకోవడం మామూలే. సంతకం పెట్టేముందు 2,520 దిర్హామ్‌ల గ్రాట్యుటీ, వాడుకోని సెలవుల డబ్బు బ్యాంకులో పడ్డాయో లేదో ఫోన్‌లో చూసుకోవాలి.