డప్పు అక్కర్లేని డప్పు బ్యాండు

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న మా పర్లాకిమిడిలో ఒక ఫోక్ బ్యాండు పుట్టింది. రేపు చరిత్రకారులు వచ్చి అడిగితే చెప్పడానికి ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా, అందుకే రాస్తున్నాను. ముందు లోగో పుట్టింది. తర్వాత నల్ల టీషర్టులు, వాటి మీద డప్పు బొమ్మ, ఆ తర్వాత ఇన్‌స్టా పేజీ, ఓ మేనేజరు, ఆ మేనేజరుకి ఓ అసిస్టెంటు. పాట మాత్రం పుట్టలేదు. పాటదేముందండీ, పల్లెల్లో బోలెడున్నాయి, ఎవరో ఒక ముసలాయన ముందు ఫోన్ పెట్టి పాడించుకొస్తే సరిపోయె.

ఎదుగుదల కూడా మామూలుగా లేదు. ఏప్రిల్ 1న, అంటే 1936లో ఒడిశా ఏర్పడిన రోజున, ఉత్కళ దివస్ స్టేజి మీద వీళ్ళది స్వచ్ఛమైన ఒడియా జానపద బృందం. ఆగస్టు 29 వచ్చేసరికి షేర్ ఆటో ఎక్కి పక్కనున్న ఆంధ్రా ఊరు పాతపట్నంలో దిగి అచ్చ తెలుగు జానపద బృందమైపోతారు. అవే టీషర్టులు, అదే ట్యూను, పోస్టరు మీద మాత్రం ‘ఇంటర్‌స్టేట్ టూర్’. తెలుగు భాషా దినోత్సవం కాబట్టి గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండేసి దణ్ణం పెడతారు. ఆయన మా ఊళ్ళో మాస్టారుగా ఉంటూ పనిగట్టుకుని సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, 1931లో దాని వ్యాకరణం అచ్చయ్యేదాకా వదల్లేదు. మన బ్యాండు లీడరుకి డప్పు కొట్టే లావు పుల్ల ఏ చేత్తో పట్టాలో, సన్న పుల్ల ఏ చేత్తో పట్టాలో ఇంకా తెలీదు. పాపం, తీరికేదీ.

ఇంతకీ వీడియో షూటింగ్ సంగతి చెప్పాలి. మహేంద్రతనయ నది ఒడ్డున పెట్టారు. పల్లె నుంచి ఓ డప్పు తాతని పిలిపించారు. ఆయన వచ్చీ రాగానే ఎండుగడ్డి పోగేసి మంట వేసి డప్పు కాచడం మొదలెట్టాడు. తోలు వేడెక్కి బిగిస్తేనే కదా మోగేది. కెమెరా అబ్బాయికి ఆ పొగ తెగ నచ్చేసింది. “తాతా, ఇంకోసారి!” ఇంకోసారి. “డ్రోన్ షాట్ తాతా, ఇంకోసారి!” ఇంకో మోపు గడ్డి. ఈలోగా గిటారు కుర్రాడు ఫోన్లో ట్యూనర్ యాప్ తెరిచి డప్పు దగ్గర పెట్టి మొహం చిట్లించాడు. “తాతా, జీ షార్ప్ రావట్లేదు.” “ఏటి రావట్లేదు బాబూ? ఇది సెగకి బిగుస్తాది, మంచుకి జారతాది, అంతే.” దాని మీద కుర్రాళ్ళు చాలాసేపు చర్చించుకుని, తాతది స్కేలులో లేదని తేల్చారు. ఆయన్ని వాయిస్తున్నట్టు ఊరికే చెయ్యి ఆడించమన్నారు. మోత లాప్‌టాప్‌లోంచి వస్తుందట! పుట్టినప్పట్నుంచి డప్పు కొట్టిన మనిషి, ఏటి గట్టున నిలబడి, తోలుకి పుల్ల తగలకుండా గాల్లో కొట్టాడండీ. చివర్లో ఓ శాలువా కప్పారు. ఫొటో అవ్వగానే దాన్ని మడిచి బ్యాగులో పెట్టేసుకున్నారు, ఇంకో సన్మానానికి పనికొస్తుందని.

వీడియో వచ్చింది. కింద అందరి పేర్లూ ఉన్నాయి, డ్రోన్ ఎగరేసినవాడిది, టీషర్టులు కుట్టించినవాడిది కూడా. తాత పేరు లేదు, పాట ఇచ్చిన ముసలాయన పేరు అంతకన్నా లేదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలో, పాడినా వాయించినా నా పేరు వేయండి అని అడిగే హక్కు కళాకారుడికి ఉంది. కానీ చట్టం దాకా ఎందుకు, సిగ్గు చాలదూ? ఊళ్ళో ఎవరు పోయినా శవం ముందు నడవడానికి ఆయన కావాలి, అమ్మోరి పండక్కి ఆయన కావాలి, అన్నాలు వడ్డించేటప్పుడు మాత్రం ఆయన పందిరి బయట కూర్చోవాలి, ఆకు వేరే, గ్లాసు వేరే. ఇన్నేళ్ళూ డప్పు ముట్టుకుంటే మైల అన్న ఇళ్ళ కుర్రాళ్ళే ఇప్పుడు దాని బొమ్మ గుండెల మీద వేసుకుని ‘మా మూలాలు’ అంటున్నారు. ఎవరి మూలాలురా? ఆ మనిషిని మీ అరుగు మీద ఒక్కరోజు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారా? ఇచ్చాక మాట్లాడండి మూలాల గురించి.

సరే, బీపీ పెంచుకుని లాభం లేదు. తాజా ప్రకటన ఏమిటంటే, వేసవి సెలవుల్లో బ్యాండు వాళ్ళు డప్పు నేర్పే వర్క్‌షాప్ పెడుతున్నారు, ఫీజు ఉంది, సర్టిఫికెట్ కూడా ఉంది. నేర్పేది గిటారు కుర్రాడు. తాతని పెట్టొచ్చు కదా అని మేనేజరుని అడిగాను. “ఆయనకి కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు సార్” అన్నాడు.